తీగ తెగితే చెయ్యి ఎటు?

నాకు ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజు మా నాన్న నోటి దాకా వెళ్ళిన ముద్దని మళ్ళీ కంచంలో పెట్టేశాడు. తప్పు నాదే. కాలేజీ ల్యాబులో పని అని ఊరుకుంటే సరిపోయేది. నాకు గొప్ప చెప్పుకోవాలనిపించింది. "తీగ లేకుండా కరెంటు పంపించే పని నాన్నా" అన్నాను. మా ఇంట్లో అనకూడని మాటలు కొన్ని ఉండేవి. నేను వాటన్నిటిలోకీ పెద్దదాన్ని ఏరి మరీ అన్నాను. నోరు జారడంలో నాకు చిన్నప్పటినుంచీ మంచి పేరుంది.

అప్పటికి ఆరేళ్ళ క్రితం మా చిన్నాన్న, అంటే నాన్నకి ఒక్కగానొక్క తమ్ముడు, ఒక గూడ్సు యార్డులో వాగను మీదికెక్కి టార్పాలిన్ కప్పాడు. పని అయిపోయింది. నడుం పట్టేసిందేమో, నిటారుగా లేచి చేతులు పైకెత్తి ఒళ్ళు విరుచుకున్నాడు. పైన రైలింజన్లకి కరెంటిచ్చే తీగ ఉంది. ఇరవై అయిదు వేల వోల్టులు. చిన్నాన్న దాన్ని ముట్టుకోలేదు. చూసినవాళ్ళందరూ అదే చెప్పారు. వేళ్ళకీ తీగకీ మధ్య బెత్తెడు ఖాళీ ఉందట. కరెంటు ఆ ఖాళీని దాటి వచ్చి పట్టుకుంది. "ముట్టుకోనేదన్నా, ఒట్టు, ముట్టుకోనేదు" అంటూ ఆయనతో పనిచేసే మనిషి మా గుమ్మంలో కూలబడిపోయాడు.

అప్పట్నుంచీ మా అమ్మ లెవెల్ క్రాసింగు దాటేటప్పుడు ఎంత వానైనా గొడుగు ముడిచేసేది. తడిసి ముద్దై ఇంటికొచ్చేది గానీ ఆ తీగ కింద గొడుగు ఎత్తేది కాదు. గొడుగు మొనకీ తీగకీ మధ్య రెండు నిలువుల ఎత్తుంటుందని నేను ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు. నేను సైన్సు చదివానన్న గౌరవం మా ఇంట్లో ఆ మాత్రమే.

మేం కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్ళం. నాన్న సిగ్నల్ ఫిట్టరు. మాటలు తక్కువ మనిషి. ఆ రోజు కంచం ముందు కూర్చుని ఆయన అన్నది రెండే మాటలు.

"తీగలో ఉన్న కరెంటే బయటికొచ్చి మనిషిని ఎత్తుకుపోనాది. తీగే నేకపోతే ఊరుకుంటాదేటి?" అన్నాడు మొదట. కంచం పక్కకి నెట్టి, "ఎల్లొద్దు" అన్నాడు.

నేను వెళ్ళాను. పొద్దున్నే లోకల్ ఎక్కి హౌరాలో దిగి, బస్సులో వేళ్ళాడుతూ వెళ్ళాను. ఇంట్లో నాన్నకీ నాకూ మాటలు ఆగిపోయాయి. ఆయన పంతం ఆయనది, నా పంతం నాది. ఇద్దరికీ మధ్య అమ్మ నీళ్ళ చెంబు పట్టుకుని తిరిగేది.

ఎనభైల మొదటి రోజులవి. కలకత్తాలో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలిసేది కాదు. లోడ్‌షెడింగ్ అన్న మాట చదువురాని మా పక్కింటి ముసలమ్మకి కూడా నోరు తిరిగేది. ల్యాబులో నేను చేరిన మూడో రోజే మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. మే నెల. ఫ్యాను ఆగింది. ఆ పాత భవనం గదుల్లో పగలే చీకటి. ఆ చీకట్లో మా ప్రొఫెసరుగారు నన్ను పిలిచి కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. యాభై దాటిన బెంగాలీ ఆవిడ. ముతక నేత చీర, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. మిగతా ప్రొఫెసర్లు ఆవిడ వెనకాల 'ఆకాశ్ పిషి' అని నవ్వుకునేవారు. ఆకాశం అత్త అన్నమాట. నేను ఆవిడని దీది అనేదాన్ని.

"బయట చూడు. ఏం కనిపిస్తోంది?" అన్నారు.

"ఎండ, దీదీ."

"కళ్ళు చెదిరిపోయేంత ఎండ. ఇక్కడ మనం చెమటలు కక్కుతూ చీకట్లో కూర్చున్నాం. నీకు సిగ్గనిపించడం లేదూ? నాకు అనిపిస్తుంది."

తర్వాత ఆవిడ చెప్పింది వింటూ నేను చెమట తుడుచుకోవడం కూడా మరిచిపోయాను. మన నెత్తి మీద ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున ఒక చోటు ఉంది. అక్కడ పెట్టిన వస్తువు భూమితో పాటే తిరుగుతూ, మనకి మాత్రం ఎప్పుడూ ఒకే చోట నిలబడినట్టు కనిపిస్తుంది. అక్కడ మబ్బు లేదు, వాన లేదు. రాత్రి అనేదే దాదాపు లేదు. ఏడాదిలో కొన్నాళ్ళు కాసేపు భూమి నీడ పడుతుంది, అంతే. అక్కడ ఊళ్ళకి ఊళ్ళంత సోలార్ పలకలు పరిచి, పట్టిన ఎండని కంటికి కనిపించని తరంగాలుగా మార్చి కిందికి పంపాలి. అవి మబ్బుల్లోంచి కూడా వచ్చేస్తాయి. కింద పొలాల మీద సన్నటి తీగలతో ఒక పెద్ద వల కట్టి ఉంచితే, ఆ వల ఆ తరంగాలని పట్టి మళ్ళీ కరెంటుగా మార్చేస్తుంది.

"పొలాల మీదా? మరి పంట?" అన్నాను.

"వల కదా. దాని కళ్ళలోంచి ఎండా పడుతుంది, వానా పడుతుంది. కింద వరి వేసుకోవచ్చు."

నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఇప్పుడు రాస్తుంటే కూడా అంటోంది. శ్రావణమాసపు ముసురులో, మోకాలి లోతు నీళ్ళు నిలిచిన మా కాలనీకి, మబ్బులన్నిటినీ దాటుకుని పైనుంచి సూర్యుడు దిగివస్తాడు. రైల్లో ఇంటికెళుతూ కిటికీలోంచి పైకే చూస్తూ కూర్చున్నాను. నా స్టేషను దాటిపోయింది. అది ఇంకా ఎవరూ కట్టలేదు, నా జీవితంలో కడతారో లేదో కూడా తెలియదు. అయినా అలాంటిది కట్టొచ్చు అని ఒక మనిషికి తట్టిందే, అది చాలు అనిపించింది. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఎదురుగా కూర్చున్న చేపలబుట్టావిడ నాకు ఎవరో పోయారనుకుని తన సీట్లో కాస్త చోటిచ్చింది.

మా ల్యాబులో ఉన్నది దాని బొమ్మ మాత్రమే. గదికి ఒక చివర తరంగాలు పుట్టించే గొట్టం, దానికి ఒక ఇత్తడి బాకా. రెండో చివర అట్టముక్క మీద దువ్వెన పళ్ళలా అతికించిన రాగి ముక్కలు, ఒక్కొక్క ముక్క నడుమ, తరంగాన్ని కరెంటుగా మార్చే ఆవగింజంత డయోడు. ఆ డయోడ్లు అతికించడమే నా ఉద్యోగం. బాకా ఊదితే, అదే, గొట్టం వెలిగిస్తే, పది అడుగుల అవతల ఆ అట్టకి తగిలించిన ఎర్రటి చిట్టి దీపం వెలగాలి. మొదటిసారి అది వెలిగినప్పుడు నేను వెళ్ళి బల్ల కింద వంగి చూశాను, ఎక్కడైనా తీగ ఉందేమోనని. అతికించినదాన్ని నేనే. అయినా నాకే నమ్మకం కుదరలేదు.

ఈలోగా మా కాలనీలో కబురు పాకింది. ఆదివారం చర్చి అయ్యాక ఆడవాళ్ళు నలుగురు మా ఇంటికి వచ్చారు. వాళ్ళని అమ్మే పిలిచిందని నాకు తర్వాత తెలిసింది. నేను ఉత్సాహంగా ఇంగ్లీషు మాట వాడి, పైనుంచి బీము వస్తుందని చెప్పి ఉన్నాను. రైల్వే వాళ్ళకి బీము అంటే ఒకటే అర్థం. వంతెనలకీ, క్వార్టర్ల కప్పులకీ వేసే ఇనప దూలం.

"ఏటమ్మా, ఆకాశంలోంచి బీము దించుతారంట? ఏ తాడుకి కడతారు?" అంది ఒకావిడ.

"తాడు తెగితే ఎవుల నెత్తి మీద పడతాది?" అంది ఇంకో ఆవిడ. కొన్నేళ్ళ ముందే ఎవరిదో ఆకాశంలో తిరిగే ప్రయోగశాల ఒకటి ఊడి మన మీద పడుతుందని దేశమంతా హడలిపోయి ఉంది. వాళ్ళ భయం వాళ్ళకి న్యాయమే.

ఇనుము కాదు, వెలుతురు లాంటిదని చెప్పడానికి నాకు గంట పట్టింది. మా అమ్మ మాత్రం వేరే ప్రశ్న వేసింది. చలికాలంలో సంత్రాగాఛి చెరువుకి ఎక్కడెక్కడి నుంచో బాతులు వస్తాయి కదా, అవి ఆ వెలుతురులోంచి ఎగిరితే కాలిపోవా అని. మర్నాడు దీదిని అడిగాను. వల నడిమధ్యలో కూడా మధ్యాహ్నపు ఎండలో నాలుగోవంతు వేడే ఉండేలా లెక్క వేశారని, అంచులకొస్తే అది కూడా ఉండదని, బాతులు వెచ్చగా ఎగిరిపోతాయని ఆవిడ చెప్పారు. అమ్మ ఆ జవాబుకి ఒప్పుకుంది. నాన్న గోడవైపు తిరిగి రేడియో పెద్దది చేశాడు.

మూడు వారాల తర్వాత, ఒక ఆదివారం పొద్దున్న, నాన్న తనంతట తానే నోరు విప్పాడు. "ఒలె గుంటా, నాతో రా" అన్నాడు. ఏదో తిట్టడానికే అనుకుని చెప్పులేసుకుని సిద్ధంగా వెళ్ళాను. పట్టాల పక్కన నడిపించుకుంటూ యార్డు చివరికి తీసుకెళ్ళాడు. అక్కడ పాతకాలపు చెయ్యి సిగ్నలు ఇంకా పనిచేస్తూ ఉండేది. ఎత్తైన స్తంభం, దానికి ఎర్రటి చెయ్యి. చెయ్యి అడ్డంగా ఉంటే రైలు ఆగాలి, కిందికి వాలితే వెళ్ళొచ్చు. క్యాబిన్లో మీట లాగితే పొడుగాటి తీగ దాన్ని కిందికి లాగుతుంది. ఇదంతా నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ తెలుసు.

"ఈ తీగ తెగిపోనాదనుకో. చెయ్యి ఎటెల్తాది?" అన్నాడు.

నేను ఆలోచించలేదు. "కిందికి వేళ్ళాడుతుంది."

"ఏల్లాడితే రైలు ఎల్లిపోద్ది. అవతల ఇంకో రైలుంటాది." ఆయన స్తంభం మొదట్లో ఉన్న ఇనప బరువుని చెప్పుతో తట్టాడు. "తీగ తెగితే ఈ బరువు కిందికి పడతాది. ఇది పడితే చెయ్యి పైకి లేస్తాది. ఆగమని అర్థం. తీగ తెగినా, మనిషి నిద్దరోయినా, తుఫానొచ్చినా ఆగమనే అంటాది. ఎల్లమని చెప్పడానికి మనిషుండాల. ఆగమని చెప్పడానికి ఎవుడూ అక్కర్నేదు. ముప్పై ఏళ్ళుగా నాను చేసింది ఈ ఒక్క పనే."

అంత పొడుగు మాట ఆయన మాట్లాడగా నేను అప్పటిదాకా వినలేదు.

"చిన్నాన్నని పట్టుకున్న తీగకి ఇలాంటిది లేదా?" అని అడగబోయాను. ఆ ఒక్కసారి నా నోరు నా మాట విన్నది.

"మీ దీదీమణిని అడుగు," అన్నాడు నాన్న. "ఆకాశంలోంచి వొచ్చే దానికి తీగ నేదు గదా. మరి అది దారి తప్పితే చెయ్యి ఎటెల్తాది? దీనికి జవాబుంటే ఎల్లు. నేకపోతే మానీ. ఇంకో మనిషిని నాను ఇవ్వను."

మర్నాడు రైలు పెట్టెలో నేను మండిపోతూ వెళ్ళాను. మండింది ఆయన మీద కాదు. రోజూ ఆ డయోడ్లు అతికిస్తూ, ఆకాశం చూసి ఏడ్చే నాకు ఆ ప్రశ్న ఎందుకు తట్టలేదని.

దీది ప్రశ్న విని లవంగం నమలడం ఆపేశారు. నాన్న ఏం పని చేస్తారని అడిగారు. చెప్పాను. ఆవిడ బీరువా తెరిచి కాగితాల కట్ట ఒకటి దింపి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. అసలు పథకంలో ఆ జవాబు ఉంది. పైనున్న పలకల్లో వేలకొద్దీ చిన్న చిన్న బాకాలుంటాయి. అవన్నీ ఒకే తాళంలో ఊదితేనే శక్తి ఒక చోటికి చేరుతుంది. ఆ తాళం వాటికి తెలియదు. కింద వల నడుమ నుంచి ఒక సన్నటి పిలుపు పైకి వెళుతూ ఉండాలి. ఆ పిలుపు వచ్చిన దారినే అవి బదులిస్తాయి. పిలుపు ఆగిపోతే, పక్కకి తప్పితే, తాళం చెదిరిపోతుంది. దేని దారి దానిది. అంత శక్తీ ఆకాశమంతా పలచగా పరుచుకుని, ఎవరి ఒంటికీ తెలియనంతగా అయిపోతుంది.

"అంటే కింద నుంచి పిలిస్తేనే వస్తుందా?" అన్నాను.

"పిలుస్తూ ఉన్నంతసేపే వస్తుంది."

సూర్యుడంతటివాణ్ణి ఒక వరిపొలం పిలవాలి. పిలవడం మానేస్తే ఆయన మర్యాదగా చెదిరిపోతాడు. నేను పుట్టి పెరిగిన చోట అన్నీ అరిచి, తోసి, జెండా పట్టుకుని అడిగితే తప్ప జరిగేవి కావు. అంత పెద్ద శక్తి అంత చిన్న గొంతుకి లోబడి ఉండటం నాకు భయం కంటే ఎక్కువగా, చేతులు జోడించాలనిపించేంత ఆశ్చర్యంగా ఉంది.

దీది మాత్రం సిగ్గుపడుతున్నారు. "మన బల్ల మీద ఇది లేదు. దీపం వెలిగించి చప్పట్లు కొట్టించుకోవాలని చూశాను నేను. మీ నాన్నగారు మిగతా సగం అడిగారు. కడదాం."

రెండు నెలలు పట్టింది. మాది ఒక్కటే బాకా కాబట్టి తాళం సంగతి కుదరదు. అట్ట పక్కన చిన్న పిలుపు యంత్రం పెట్టాం. ఆ పిలుపు అందుతున్నంతసేపు బాకా వైపు ఒక రిలే మూసుకుని ఉండి గొట్టానికి కరెంటు ఇస్తుంది. రిలే అంటే కరెంటు వస్తే మూసుకుని, పోతే తెరుచుకునే చిన్న తలుపు. పిలుపు ఆగితే తలుపు తెరుచుకోవాలి, దీపం ఆరిపోవాలి.

నాన్న వచ్చిన రోజు చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకున్నాడు. దారిలో ఎర్రజెండాల ఊరేగింపు ఒకటి ట్రాములన్నీ ఆపేస్తే సగం దూరం నడిచాం. దీది లేచి నిలబడి, "ఆషున్, మేషోమొశాయ్" అన్నారు. రండి బాబాయిగారూ అన్నట్టు. నాన్న ఆవిడకి దణ్ణం పెట్టి, బాకాకి అన్నిటికంటే దూరంగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. దీపం వెలిగింది. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. దీపం చూసి ఆయన దవడ బిగుసుకుంది. ఆయన కళ్ళకి అక్కడ కనిపించింది దీపం కాదని నాకు తెలుసు. మధ్యలో ఉన్న ఖాళీ.

"తెంపుతాను" అన్నాడు. లేచి వెళ్ళి, పిలుపు యంత్రానికి వెళ్ళే తీగని ఒక్క లాగు లాగి పీకేశాడు.

దీపం ఆరలేదు.

ఎర్రగా, హాయిగా వెలుగుతూనే ఉంది. దీది పరుగెత్తుకెళ్ళి మెయిన్ స్విచ్చి ఆపారు. రిలే లోపలి రెండు మొనలూ నిప్పురవ్వకి కరిగి అతుక్కుపోయి ఉన్నాయి. ముందురోజు నేనే దాన్ని నాలుగుసార్లు పరీక్షించి సరిగ్గా ఉందని చెప్పాను. నాన్న తిట్టినా బాగుండేది. చెప్పులు వేసుకుని, "పద ఇంటికి" అన్నాడు. నేను పద అంటే వెళ్ళిపోయాను. ఆయన ప్రశ్నకి ఆయన చేతిలోనే జవాబు వచ్చింది. రైల్లో నేను తల ఎత్తి ఆకాశం వైపు చూడలేదు.

మర్నాడు నేను పనికి వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. మూడో రోజు పొద్దున్న నాన్న పాత క్యాలెండరు కాగితం ఒకటి తెచ్చి నా ముందు పడేశాడు. వెనకవైపు పెన్సిలుతో ఒక బొమ్మ.

"స్ప్రింగుని నమ్ముకున్నారు," అన్నాడు, ఎవరో తనని అవమానించినంత కోపంగా. "స్ప్రింగు ఎప్పుడైనా మొండికేస్తాది. బరువు మొండికెయ్యదు. తన బరువుకి తనే పడాల. ఇంకోటి, లోహానికి లోహం పెడితే అతుక్కుంటాది. ఒక పక్క బొగ్గు మొన పెట్టాల. మా రిలేలు అన్నీ అలగే ఉంటాయి. ఇది మీ దీదీమణికి ఇచ్చీ."

"నన్ను మానేయమన్నావు కదా?"

"ఇచ్చేసి మానీ."

అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి నవ్వు ఆపుకుంది. తప్పుగా కట్టిన రిలే ఒకటి కలకత్తాలో ఉందన్న సంగతి ఆయన్ని రెండు రాత్రులు పడుకోనివ్వలేదని ఆవిడ తర్వాత చెప్పింది.

దీది ఆ కాగితాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూశారు. అంకెలు తప్ప మిగతావన్నీ తెలుగులో ఉన్నాయి. నేను చదివి చెప్పాను. "దీన్ని గీసిన మనిషే కట్టాలి. నేను పాడుచేస్తాను" అన్నారు. ఆ మాట వచ్చి చెప్పాను. నాన్న కుదరదన్నాడు. ఆ పై ఆదివారం చర్చి నుంచి తిన్నగా హౌరా లోకల్ ఎక్కాడు, చేతిసంచిలో ఆకురాయితో.

మూడు ఆదివారాలు వచ్చాడు. లోడ్‌షెడింగ్ పుణ్యమా అని మా ఇంట్లో అయిపోయిన టార్చి సెల్సుకి లోటు లేదు. వాటిని పగలగొట్టి లోపలి బొగ్గు కడ్డీ తీసి, గింజంత మొన చెక్కాడు. ఇత్తడి ముక్కని ఆకురాయితో అరగదీసి బరువు తయారుచేశాడు. అంతసేపూ బాకాకి వీపు పెట్టి, గది మూలన ఉన్న బల్ల మీదే పని. గొట్టం వెలిగించాలంటే ముందు ఆయన బయటికి వెళ్ళిపోయేవాడు. దీది టీ తెచ్చి ఇచ్చేవారు. ఇద్దరూ వచ్చీరాని బెంగాలీలో, వచ్చీరాని హిందీలో మొనల గురించి వాదించుకునేవారు. ఇద్దరికీ నా అవసరం లేకపోయింది. నాకు కొంచెం కుళ్ళు కూడా వేసింది.

నాలుగో ఆదివారం మధ్యాహ్నం పరీక్ష. దీపం వెలిగించాం. ఈసారి నాన్న గదిలోనే నిలబడ్డాడు. పిలుపు తీగ పీకాడు. టక్కున చప్పుడైంది, దీపం ఆరిపోయింది. మళ్ళీ పెట్టి, తీగని కత్తిరించాడు. ఆరిపోయింది. పిలుపు యంత్రాన్ని పక్కకి తిప్పాడు, ఆరిపోయింది. పిలుపు దారికి రేకు అడ్డం పెట్టాడు, తీగల్ని ఒకదానికొకటి కలిపేశాడు, బల్లని కాలితో తన్నాడు. దీది గుండె పట్టుకున్నారు. ప్రతిసారీ టక్కుమని ఆ ఇత్తడి ముక్క పడింది, ప్రతిసారీ దీపం ఆరిపోయింది. నేను అలాంటి పరీక్ష ఎప్పుడూ చూడలేదు. ఆయన దాన్ని ఎలాగైనా అబద్ధం ఆడించాలని చూస్తున్నాడు. అది ఆడటం లేదు.

చివరికి ఆగి, ఊపిరి పీల్చుకుని, చేతి గడియారం తీసి నాకిచ్చాడు. అన్నీ మళ్ళీ కలపమన్నాడు. దీపం వెలిగింది. ఆయన బాకాకీ అట్టకీ మధ్యకి నడిచాడు.

"నాన్నా, నేను పెడతాను, నాకు అలవాటే" అన్నాను.

"నువ్వు ఎనక్కుండు" అన్నాడు.

ఎడం చెయ్యి చాచాడు. అరచెయ్యి తనవైపు, చేతి వెనకభాగం బాకావైపు. కరెంటు పని చేసేవాళ్ళు అనుమానం ఉన్నదాన్ని అలాగే చూస్తారు. అరచెయ్యి తగిలితే వేళ్ళు ముడుచుకుని అంటుకుపోతాయి, వెనకభాగం తగిలితే చెయ్యి విదిలించి వచ్చేస్తుంది. చెయ్యి మెల్లగా, బెత్తెడు, ఇంకో బెత్తెడు, ఆ ఖాళీలోకి వెళ్ళింది. దీపం మసకబారింది. చెయ్యి పూర్తిగా అడ్డం రాగానే ఆరిపోయింది. ఈసారి టక్కుమన్న చప్పుడు లేదు.

"ఏటిది? పాడైపోనాదా?" అన్నాడు, కదలకుండా.

"లేదు నాన్నా. పిలుపు అందుతూనే ఉంది. దీపానికి వెళ్ళాల్సింది నీ చేతి మీద పడుతోంది."

"నాకు ఏటీ తెలట్నేదే."

"తెలియనంతే ఉంటుంది."

ఆయన తన చెయ్యివైపు చూసుకున్నాడు. తర్వాత చాలా నెమ్మదిగా ఆ చెయ్యి తిప్పాడు. అరచెయ్యి బాకావైపు తిరిగింది. వేళ్ళు విప్పుకున్నాయి. అలాగే నిలబడ్డాడు. దీది లవంగం నమలడం లేదు. నాన్న పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నాడనుకున్నాను. దగ్గరికి వెళితే మాట వినిపించింది.

"ఇది ఆగుతాదిరా, తమ్ముడూ," అంటున్నాడు. "ఇది ఆపితే ఆగుతాది."